డైమండ్ నగ రేటుని విడగొట్టి చూడటం ఎలా? (షాపుకి వెళ్ళే ముందు, షాపులో, ఇంటికొచ్చాక)

పెళ్ళిళ్ళ సీజన్ మొదలైతే చాలు, ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తది. "చూడ్డానికి ఒకేలా ఉన్న నెక్లెస్‌కి పంజాగుట్టలో ఏడున్నర లక్షలన్నారు, బంజారాహిల్స్‌లో పదకొండు చెప్పారు, విజయవాడలో మా బాబాయికి తెలిసినాయన ఆరుకే ఇస్తానంటున్నాడు, ఇందులో ఎవరు మోసం చేస్తున్నట్టు?" అని. ముగ్గురూ నిజమే చెప్తుండొచ్చు, ఎందుకంటే ముగ్గురూ అమ్మేది ఒకే వస్తువు కాకపోవచ్చు. మీ చేతిలో ఉన్న ఎస్టిమేట్ స్లిప్ చూసి ఆ తేడా ఎక్కడుందో చెప్పలేకపోతున్నారు, అసలు ఇబ్బంది అదే.

బంగారం రేటు పొద్దున్నే పేపర్లో వస్తది, షాపు గోడ మీద బోర్డు ఉంటది. డైమండ్‌కి అలాంటి బోర్డు లేదు. వ్యాపారుల మధ్య రాపపోర్ట్ అని ఒక ధరల లిస్టు 1978 నుంచి నడుస్తోంది కానీ అది డబ్బు కట్టి తీసుకునే ట్రేడ్ వాళ్ళ కోసం, పైగా అందులో ఉండేది అడిగే రేటు, దాని మీద ఇంత శాతం తగ్గింపు అని బేరమాడుకుని వాళ్ళు కొనుక్కుంటారు. మన దాకా వచ్చేది చివరి అంకె ఒక్కటే. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి వైపు తొలకరి వానకి పొలంలో రాయి దొరికిన రైతుది కూడా ఇదే బాధ, రాయి తన చేతిలో ఉన్నా రేటు మాత్రం కొనేవాడి నోట్లో ఉంటది.

సరే, పనిలోకి వద్దాం.

కావాల్సినవి

- ఫోన్, అందులో క్యాలిక్యులేటర్, బీఐఎస్ కేర్ యాప్ (బంగారం హాల్‌మార్క్ సరిచూసుకునే ప్రభుత్వ యాప్)
- ఆ రోజు 24 క్యారెట్ల బంగారం గ్రాము రేటు
- చిన్న నోట్‌బుక్ (ఫోన్‌లో టైప్ చేస్తూ కూర్చుంటే సేల్స్ వాళ్ళ మాటల్లో సగం మిస్సవుతారు)
- 10ఎక్స్ భూతద్దం, లూప్ అంటారు, ఆన్‌లైన్లో దొరుకుతది. లేకపోతే షాపులోనే అడగండి, ఇస్తారు
- మొహమాటం లేని మనిషి ఒకరు. మా ఇళ్ళల్లో అయితే పెద్దమ్మలు ఈ పనికి బాగా పనికొస్తారు

1. ఏం కొంటున్నారో ముందు ఇంట్లోనే రాసుకోండి

నాలుగు విషయాలు తేల్చుకోండి: సహజమైన డైమండా, ల్యాబ్‌లో చేసిందా. చిన్న రాళ్ళ నగా, ఒకటే పెద్ద రాయా (సాలిటేర్). బంగారం 18 క్యారెట్లా, 14 క్యారెట్లా. రాయి గ్రేడ్ ఏంటి.

గ్రేడ్ గురించి ఇంత తెలిస్తే చాలు. రంగు డీ నుంచి జెడ్ దాకా, డీ అంటే అస్సలు పసుపు లేనిది. లోపల మచ్చలెన్ని ఉన్నాయనే దానికి (క్లారిటీ అంటారు) వీవీఎస్, వీఎస్, ఎస్ఐ అని పై నుంచి కిందికి మెట్లు. మన షాపుల్లో "ఈఎఫ్ వీవీఎస్", "జీహెచ్ వీఎస్" అని రంగు, క్లారిటీ జంటగా చెప్తారు (ఈఎఫ్ అంటే ఈ, ఎఫ్ రంగులు). నా అభిప్రాయం అడిగితే, పసుపు బంగారంలో పొదిగిన రెండు సెంట్ల (0.02 క్యారెట్) రాయికి ఈఎఫ్ వీవీఎస్ డబ్బులు పెట్టడం దండగ, జీహెచ్ వీఎస్‌కీ దానికీ ఆ సైజులో కంటితో చూస్తే తేడా కనపడదు. సాలిటేర్‌కైతే గ్రేడ్ చూసే కొనాలి.

ఇది రాసుకోకుండా వెళ్తే మూడు షాపుల్లో మూడు గ్రేడ్‌లు చూసి రేట్లు పోల్చుకుంటారు, ఆ పోలిక ఎందుకూ పనికిరాదు.

2. నగకి దారంతో కట్టిన ట్యాగ్ చదవండి

మెరిసే నగ పక్కన ఆ చిన్న కాగితం ముక్కని ఎవరూ చూడరు, రేటంతా అక్కడే ఉంటది. మామూలుగా మూడు అంకెలుంటాయి: గ్రాస్ వెయిట్ (అన్నీ కలిపి), నెట్ వెయిట్ (బంగారం మాత్రమే), డైమండ్ వెయిట్ (క్యారెట్లలో). బంగారం దగ్గర క్యారెట్ అంటే ప్యూరిటీ, డైమండ్ దగ్గర బరువు, రెండూ కలిపేసుకోకండి.

ఒక డైమండ్ క్యారెట్ 0.2 గ్రాము. క్యారెట్‌కి 100 సెంట్లు. ఇప్పుడు ఈ ట్యాగ్ చూడండి:

గ్రాస్ 32.400 గ్రాములు, డైమండ్ 6.00 క్యారెట్లు, నెట్ 31.200 గ్రాములు.

ఆరు క్యారెట్లంటే 1.2 గ్రాములు, 32.4 లోంచి తీసేస్తే 31.2, సరిపోయింది. సరిపోకపోతే ఇంకేదో కలిసింది, పూసలో, కెంపులో, లక్కో, అదేంటో అడగండి. నగని మీ కళ్ళ ముందే కాటా మీద పెట్టించండి, కాటా ముందు సున్నా చూపించాలి.

3. నాలుగు అంకెలు విడివిడిగా అడగండి

సేల్స్ అతను క్యాలిక్యులేటర్ మీద టకటకా కొట్టి మీ వైపు తిప్పుతాడు, స్క్రీన్ మీద ఒకటే అంకె. "మేడమ్, ఫైనల్‌గా మీ బడ్జెట్ ఎంతో చెప్పండి, అందులో చేసిద్దాం" అంటాడు. బడ్జెట్ చెప్పకండి. ఇలా అనండి:

"బాబూ, బంగారం గ్రాము ఎంత వేశారు, వీఏ ఎంత, డైమండ్ క్యారెట్ ఎంత, ఏ గ్రేడ్, ఈ నాలుగూ స్లిప్ మీద రాసివ్వు."

కొన్ని చోట్ల వీఏ (వాల్యూ ఎడిషన్) అంటారు, కొన్ని చోట్ల తరుగు మజూరీ అంటారు, ఏదైనా తయారీ పేరుతో వేసేదే. "మా సిస్టమ్‌లో విడిగా రాదండి" అంటే మేనేజర్‌ని పిలవమనండి, బిల్లులో వచ్చేది ఎస్టిమేట్‌లో ఎందుకు రాదు? అప్పటికీ ఇవ్వకపోతే లేచి వచ్చేయండి, అక్కడ ఇంకెంత కూర్చున్నా మీకు లాభం లేదు.

ఎమ్మార్పీ స్టిక్కర్‌తో అమ్మే బ్రాండ్లు కొన్ని ఉన్నాయి, అక్కడా గ్రాస్, నెట్, డైమండ్ బరువు అడిగి తీసుకోవచ్చు, మిగతాది కింద చెప్పినట్టు మీరే వెనక్కి లెక్కేసుకోవచ్చు. విదేశీ లగ్జరీ బ్రాండ్ అయితే పేరుకి కట్టే డబ్బు ఇందులో ఎక్కడా కనపడదు, తిరిగి అమ్మేటప్పుడు చాలావరకు రాదు కూడా, తెలిసి కొంటే ఓకే.

4. లెక్క మీరే వేయండి

లెక్క తేలిగ్గా ఉండటానికి 24 క్యారెట్ల గ్రాము 10,000 అనుకుందాం, మీరు ఆ రోజు రేటు వేసుకోండి. 18 క్యారెట్లంటే 75 శాతం, గ్రాము 7,500. (మీ దగ్గర 22 క్యారెట్ల బోర్డు రేటే ఉంటే దాన్ని 22తో భాగించి 18తో గుణించండి.)

- బంగారం: 31.2 × 7,500 = 2,34,000
- వీఏ 20 శాతం: 46,800
- డైమండ్: 6 × 80,000 = 4,80,000
- మొత్తం: 7,60,800
- జీఎస్టీ 3 శాతం: 22,824
- కట్టాల్సింది: 7,83,624

(20 శాతం, 80,000 కూడా ఉదాహరణకి వేసినవే, మార్కెట్ రేట్లు అనుకోకండి.)

ఇక్కడ మూడు చోట్ల జాగ్రత్త. ఒకటి, బంగారం గ్రాస్ మీద వేశారేమో చూడండి, పై నగలో ఆ 1.2 గ్రాముల తేడాకి 9,000, దాని మీద వీఏ ఇంకో 1,800, అంటే డైమండ్ బరువుకి డైమండ్ రేటూ కట్టి బంగారం రేటూ కట్టినట్టు. రెండు, వీఏని కొందరు శాతంలో చెప్తారు, కొందరు గ్రాముకి ఇంత అంటారు, గ్రాముకి 1,500 అంటే పై నగలో సరిగ్గా 20 శాతమే, కానీ వినడానికి తక్కువ అనిపిస్తది. మూడు, స్లిప్‌లో 18 క్యారెట్ల రేటు వేసి నగ మీద 585 ముద్ర ఉంటే అది 14 క్యారెట్లు, 18కి 750 ఉండాలి. పై నగలో ఆ ఒక్క తేడాయే 51,480.

5. డైమండ్ క్యారెట్ రేటు దగ్గర ఆగండి

పై లెక్కలో డైమండ్ వాటా అరవై శాతం దాటింది. బేరం మాత్రం అందరం వీఏ మీదే ఆడతాం, ఎందుకంటే అది మనకి అర్థమైన పదం. షాపుకీ ఆ సంగతి తెలుసు. "మేకింగ్ మీద 50 శాతం ఆఫ్" అని ఫ్లెక్సీ కట్టారంటే మీకు తగ్గేది 23,400. అదే డైమండ్ రేటు క్యారెట్‌కి 80,000 నుంచి 72,000కి దిగితే తగ్గేది 48,000. ఇంకో రకంగా చెప్పాలంటే, వీఏ మొత్తం ఎత్తేసినా డైమండ్ మీద క్యారెట్‌కి 8,000 పెంచుకుంటే వాళ్ళకి పోయేదేం లేదు. "జీరో మేకింగ్" బోర్డు చూసినప్పుడు ముందు అడగాల్సింది డైమండ్ రేటే, నిన్నటి రేటు ఎంత అని కూడా అడగండి.

చిన్న రాళ్ళ నగ అయితే: అదే గ్రేడ్, దాదాపు అదే రాయి సైజు చెప్పి మూడు షాపుల్లో క్యారెట్ రేటు రాసుకోండి. డిజైన్ ఒకటే అవ్వక్కర్లేదు, క్యారెట్ రేటు పోల్చడానికి డిజైన్‌తో పని లేదు. ఇదొక్కటి చేస్తే సగం పని అయినట్టే.

సాలిటేర్ అయితే ఇంకా తేలిక, ఎందుకంటే రాయికి సొంత సర్టిఫికెట్ ఉంటది. బ్లూ నైల్ లాంటి అమెరికా సైట్లలో విడి రాళ్ళకి బరువు, రంగు, క్లారిటీ, కట్ అన్నీ పెట్టి ధర ఓపెన్‌గా చూపిస్తారు. మీ రాయి వివరాలే అక్కడ ఫిల్టర్ పెట్టి చూడండి, అమెరికాలో మీవాళ్ళుంటే వాళ్ళనే చూడమనండి. అదే రేటుకి ఇక్కడ ఇమ్మని అడగడానికి కాదు, పన్నులూ ఖర్చులూ వేరు, మీకు చెప్పిన రేటు అదే చుట్టుపక్కల ఉందా, రెట్టింపు ఉందా అన్నది తెలుస్తది. సహజం, ల్యాబ్ రెండు ట్యాబ్‌లు ఉంటాయి, తప్పు ట్యాబ్‌లో చూసి షాపు వాడితో గొడవేసుకోకండి.

బరువు పెరిగేకొద్దీ క్యారెట్ రేటు కూడా పెరుగుతది, అదీ మెట్లు మెట్లుగా, 0.50, 0.70, 0.90, 1.00 దగ్గర ఎగురుతది. అందుకే పావు క్యారెట్ రాళ్ళు నాలుగు కలిపి ఒక క్యారెట్ అయినా ఒకే రాయి ఒక క్యారెట్‌తో సమానం కాదు, చాలా తక్కువ. "వన్ క్యారెట్ రింగ్ అండి" అంటే ఎన్ని రాళ్ళు కలిపి అని అడగండి, ప్రెజర్ సెట్టింగ్‌లో ఏడెనిమిది చిన్న రాళ్ళు దగ్గర దగ్గరగా పెడితే దూరానికి ఒకే రాయిలా కనపడుతది. మీకు ఒక క్యారెట్టే కావాలన్న పట్టుదల లేకపోతే 0.92, 0.95 అడిగి చూడండి, వేలికి పెట్టుకుంటే తేడా తెలీదు, రేటు మాత్రం కింది మెట్టుది.

ఇంకోటి, "డైమండ్ రేటు ఎప్పుడూ పెరిగేదే" అని ఎవరైనా అంటే నమ్మకండి. ల్యాబ్ డైమండ్లు వచ్చిపడ్డాక, 2022 నుంచి సహజ రాళ్ళ ధరలు కూడా బాగానే దిగాయి. పాత స్టాక్ పాత రేటుకే అమ్ముతున్నారేమో కనుక్కోండి.

6. అన్‌కట్, పచ్చి వర్క్, పూసల హారాలకి వేరే జాగ్రత్త

మన పెళ్ళిళ్ళలో ఎక్కువ డబ్బు పోయేది వీటి మీదే, కానీ రేటు కనుక్కోవడం అన్నిటికన్నా కష్టం కూడా వీటికే. అన్‌కట్ రాళ్ళకి (ముఖాలు చెక్కని డైమండ్లు) కట్ డైమండ్లలాగా రంగు, క్లారిటీ గ్రేడ్ వేసి పోల్చుకునే పద్ధతి లేదు, "సిండికేట్ క్వాలిటీ అండి" అంటే ఆ మాట షాపు షాపుకీ మారుతది. కుందన్, పోల్కీ, జడావు నగలకి హాల్‌మార్క్ తప్పనిసరి నుంచి మినహాయింపు ఉంది. రాయి కింద లక్క ఉంటది, వెనక మూసేసి ఉంటది, అంటే రాయి బరువుకీ బంగారం బరువుకీ షాపు మాటే గ్యారంటీ.

చేయగలిగింది ఇంతే: రాళ్ళ బరువు, లక్క బరువు, పూసల బరువు, కెంపులు పచ్చల బరువు విడివిడిగా స్లిప్ మీద రాయించండి. పూసల దండ విప్పించి పెండెంట్‌ని విడిగా తూకం వేయించడం కుదిరితే వేయించండి, దండ కట్టించుకోవడం చిన్న పనే. "స్టోన్ చార్జీలు" అని గుండుగుత్తగా ఒక లైన్ ఉంటే ఒప్పుకోకండి. ఇదే షాపు రేపు వెనక్కి తీసుకునేటప్పుడు పచ్చలకీ పూసలకీ ఎంత ఇస్తదో అప్పుడే అడగండి, చాలా చోట్ల ఏమీ ఇవ్వరు, మరి కొనేటప్పుడు వాటికి అంత రేటెందుకు కట్టాలో మీరే ఆలోచించుకోండి. నన్నడిగితే ఎక్కువ బడ్జెట్ ఉన్నా, అన్‌కట్ ఒక నగకే పరిమితం చేసుకోవడం మంచిది.

ఏడు రాళ్ళ దుద్దుల్లాంటి పాత పద్ధతి రవ్వల నగల్లో వెనక మూసిన సెట్టింగ్ ఉంటే ఇదే జాగ్రత్త. వెనక తెరిచిన సెట్టింగ్‌లో చేసివ్వమని అడగొచ్చు, చేస్తారు.

7. సర్టిఫికెట్ చూడండి, ఎవరిచ్చారో చూడండి

జీఐఏ, ఐజీఐ లాంటి డైమండ్ పరీక్షించి గ్రేడ్ వేసే ల్యాబ్‌ది అయితే దాని మీద నంబర్ ఉంటది, ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, షాపులో కూర్చునే. బరువు, గ్రేడ్, "నేచురల్" అన్న మాట అన్నీ సరిపోవాలి. షాపు తన పేరు మీద ప్రింట్ చేసిచ్చిన కార్డు వారంటీ కార్డు మాత్రమే.

చిన్న రాళ్ళ నగకి వచ్చే రిపోర్ట్ మొత్తం నగకి ఒకటే ఉంటది, పొదిగాక చూసి ఇస్తారు కాబట్టి రంగు, క్లారిటీ ఒక రేంజ్‌లో ఉంటాయి. అది మామూలే. రేంజ్‌లో కింది మెట్టు చూసి రేటు మాట్లాడండి, పై మెట్టు చూసి కాదు.

సాలిటేర్ అయితే చాలావాటికి రాయి నడుము అంచు మీద రిపోర్ట్ నంబర్ లేజర్‌తో రాసి ఉంటది. లూప్ కంటికి ఆనించి, రాయిని దగ్గరికి తెచ్చి, మెల్లగా తిప్పుతూ చూడండి. మొదట్లో అంతా మెరుపే కనపడుతది, తిప్పగా తిప్పగా ఒక చోట సన్నగా అంకెలు తేలతాయి. పొదిగిన రాయికి పట్టీ అడ్డమొస్తే పొదగక ముందే చూపించమనండి.

8. బైబ్యాక్ (షాపే వెనక్కి తీసుకునే) షరతు కాగితం మీద తీసుకోండి

"లైఫ్‌టైమ్ ఎక్స్‌చేంజ్ అండి" అనే మాటలో మూడు ప్రశ్నలున్నాయి. ఎక్స్‌చేంజ్‌కి ఎంత, క్యాష్‌కి ఎంత? శాతం దేని మీద, అప్పటి బిల్లు మీదా, ఆ రోజు రేటు మీదా? ఏ బ్రాంచ్‌లోనైనా ఇస్తారా?

పై నగనే రేపు వెనక్కిస్తున్నారనుకోండి, బంగారం రేటు మారలేదు, డైమండ్‌కి 90 శాతం ఇస్తారు. 2,34,000 ప్లస్ 4,32,000, మొత్తం 6,66,000. అంటే 1,17,624 పోయింది. వీఏ, జీఎస్టీ తిరిగి రావు. క్యాష్‌కి డైమండ్ మీద 80 శాతమే అంటే చేతికొచ్చేది 6,18,000. రెండు షాపుల రేట్లు దగ్గర దగ్గరగా ఉంటే ఈ అంకె చూసి ఎంచుకోండి. ల్యాబ్ డైమండ్‌కైతే ఇది ఇంకా గట్టిగా అడగాలి, కొన్నిచోట్ల బంగారానికి తప్ప రాయికి పైసా ఇవ్వరు.

9. పక్కా బిల్లు

నెట్ వెయిట్, ప్యూరిటీ, డైమండ్ బరువు, గ్రేడ్, క్యారెట్ రేటు, వీఏ, హాల్‌మార్క్ చార్జీ, జీఎస్టీ అన్నీ విడి లైన్లలో ఉండాలి. హాల్‌మార్క్ నగలకి బరువు, ప్యూరిటీ, చార్జీ విడిగా రాయడం రూలే. "బిల్లు లేకుండా అయితే జీఎస్టీ మిగులుద్ది" అన్న మాటకి పడకండి, పై నగలో మిగిలేది 22,824, రేపు ఏదైనా తేడా వస్తే మీ చేతిలో ఉండేది కచ్చా చీటీ.

ఎక్కువ మంది చేసే తప్పులు

టెస్టర్ కుయ్యిమంటే చాలనుకోవడం. షాపులో పెన్నులాంటి మెషీన్ రాయికి ఆనించి "చూశారా, డైమండే" అంటారు. ల్యాబ్‌లో చేసింది కూడా డైమండే, దానికీ కుయ్యిమంటది. వేడిని బట్టి చూసే మామూలు టెస్టర్లని మోయిసనైట్ (డైమండ్‌లా కనపడే వేరే రాయి) కూడా దాటిపోవచ్చు. సహజమా కాదా అన్నది ఆ పెన్ను చెప్పదు.

రెండు వేర్వేరు ల్యాబ్‌ల గ్రేడ్‌ని ఒకటిగా అనుకోవడం. పోలిస్తే ఒకే ల్యాబ్ రిపోర్టులే పోల్చండి.

స్పాట్‌లైట్ కింద చూసి కొనడం. ఆ లైట్ల కింద ఏ రాయైనా మెరుస్తది, తలుపు దగ్గరికి తీసుకెళ్ళి పగటి వెలుగులో చూపించమనండి, కావాలంటే సెక్యూరిటీని తోడు పెట్టుకుంటారు.

ముహూర్తానికి వారం ముందు వెళ్ళడం. తొందరలో ఉన్నారని మీ మొహంలోనే తెలిసిపోద్ది.

కొన్నాక చెక్ చేసుకోవడం

నగ మీద బీఐఎస్ గుర్తు, 750 లాంటి ప్యూరిటీ అంకె, అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఆ ఒక్క నగకే ఉండే కోడ్) ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ ఆరక్షరాల కోడ్ లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్‌లో "వెరిఫై హెచ్‌యూఐడీ" నొక్కి కోడ్ కొడితే నగ రకం, ప్యూరిటీ, హాల్‌మార్క్ చేసిన సెంటర్ వస్తాయి. నెక్లెస్ కొంటే యాప్‌లో రింగ్ అని వస్తే ఆ కోడ్ మీ నగది కాదు. ఇది బంగారానికి మాత్రమే, డైమండ్ గురించి హాల్‌మార్క్ ఒక్క ముక్క చెప్పదు, చాలా మందికి ఈ సంగతి తెలీదు.

ఇంకో షాపు కాటా మీద గ్రాస్ తూకం వేయించండి. పెద్ద మొత్తమైతే నగని నేరుగా ల్యాబ్‌లో చూపించుకోవచ్చు, ఐజీఐకి హైదరాబాద్‌లో కూడా ల్యాబ్ ఉంది. అలాగే ఇంకో జ్యువెలర్ దగ్గరికి వెళ్ళి "ఇది అమ్మితే ఎంతిస్తారు" అని అడిగి చూడండి, వాళ్ళు చెప్పే అంకె మీ బిల్లు కన్నా చాలా తక్కువుంటది, గుండె పట్టుకోకండి, అది వాళ్ళ కొనే రేటు. వాళ్ళు నెట్ వెయిట్ ఎంత తేల్చారు, రాళ్ళు ఏ గ్రేడ్ అన్నారు, ఆ రెండే మీ బిల్లుతో పోల్చుకోండి.

తేడా వస్తే ముందు షాపుకి బిల్లు, రిపోర్ట్ జత చేసి మెయిల్ పెట్టండి, ఫోన్‌లో చెప్తే రికార్డు ఉండదు. వినకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. హాల్‌మార్క్ తేడా అయితే బీఐఎస్ కేర్‌లోనే కంప్లైంట్ ఆప్షన్ ఉంది. ఎస్టిమేట్ స్లిప్ థర్మల్ పేపర్ మీద ఇస్తారు, కొన్నాళ్ళకి అక్షరాలు ఎగిరిపోతాయి, ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి.